యంత్రానికి జీర్ణోద్ధరణ

'కార్ఖానా' అన్న మాట పారశీకంలో పుట్టి, ఉర్దూ మీదుగా మన నోటికి వచ్చింది. 'కార్' అంటే పని. 'ఖానా' అంటే ఇల్లు. పని జరిగే ఇల్లు కార్ఖానా. మొగలు చక్రవర్తుల కొలువులో ఆయుధాలు, వస్త్రాలు, ఆభరణాలు తయారైన శాలలకు ఇదే పేరు. సికిందరాబాదులో జూబిలీ బస్ స్టేషను దాటి తిరుమలగిరి వైపు పోయే దారిలో ఈ మాటే ఒక పేటకు పేరై నిలిచింది. 1806లో మూడవ నిజాము సికందర్ జా పేరిట వెలసిన సికిందరాబాదు మొదటి నుండి దండు విడిసిన ఊరు. దండు ఉన్నచోట బండ్లు ఉంటాయి. బండ్లు ఉన్నచోట వాటిని బాగుచేసే చేతులు ఉంటాయి. సైన్యపు యంత్రాలను కాపాడటానికి 1943లో ఏర్పడిన ఈ.ఎం.ఈ. దళం వారి కళాశాల నేటికీ ప్రక్కనున్న తిరుమలగిరిలోనే ఉన్నది.

ఇట్టి పేటలో ఒక పాత జీపును ఎదుట పెట్టుకొని, దాని ఇంజనును, గేరుబాక్సును ఈ చలికాలంలో పూర్తిగా విప్పి తిరిగి నిలబెట్టవలెనంటే ముందుగా ఏమేమి ఆలోచించవలెను? ఇది మెకానిక్కుకు మాత్రమే పట్టిన విషయమని తలచకూడదు. విప్పడం చేతిపని, విప్పకముందు ఆలోచించడం విద్య. అరిగి అరిగి పోయిన బండ్లు కొన్ని ఉంటాయి. విప్పిన తరువాత ఏది ఎక్కడిదో తెలియక, డబ్బు చాలక, తట్టలలోను గోనెసంచులలోను మిగిలిపోయిన బండ్లు కొన్ని ఉంటాయి. మొదటివాటికి కాలం కారణం. రెండవవాటికి మనమే కారణం.

జీపు మన ఊళ్ళకు వచ్చిన విధం

రెండవ ప్రపంచ యుద్ధకాలంలో అమెరికాలోని విల్లీస్, ఫోర్డు సంస్థలు కలిసి 6 లక్షలకు పైగా జీపులను నిర్మించాయి. యుద్ధం ముగిసిన తరువాత సైన్యానికి అక్కరలేని జీపులు వేలంలో పౌరుల చేతికి వచ్చాయి. 1947లో మహీంద్రా సంస్థ విల్లీస్ జీపులను బొంబాయిలో కూర్చడం ప్రారంభించింది. 1952 అక్టోబరు 2న సమాజ వికాస పథకం మొదలైన తరువాతను, 1959లో ఆంధ్రప్రదేశ్‌లో పంచాయతీ సమితులు ఏర్పడిన తరువాతను, కంకర రోడ్డు కూడా లేని పల్లెకు సర్కారు అడుగుపెట్టింది జీపు మీదనే. సమితి జీపు వెనుక దుమ్ములో పరుగెత్తిన పిల్లలు నేడు తాతలు, అమ్మమ్మలు అయినారు. కనుక పాత జీపు అంటే విదేశపు వస్తువు మాత్రమే కాదు. మన పల్లెల చరిత్రలో దానికొక పుట ఉన్నది.

యుద్ధకాలపు జీపులోని ఇంజనుకు నాలుగు సిలిండర్లు. ఒక్కొక్క సిలిండరు వ్యాసం మూడుంబాతిక అంగుళం కాదు, దానికి కొంచెం తక్కువ: 3.125 అంగుళాలు. పిస్టన్ పైకి క్రిందికి పోయే దూరం 4.375 అంగుళాలు. శక్తి 60 అశ్వశక్తి. గాలి లోనికి పోయే వాల్వులు, పొగ బయటికి పోయే వాల్వులు రెండూ సిలిండరు ప్రక్కనే బ్లాకులో ఉంటాయి. పైనున్న హెడ్డు ఒక మూత వంటిది. ఈ ఇంజను మొదట 48 అశ్వశక్తిది. విల్లీస్ ప్రధాన ఇంజనీరు డెల్మార్ రూస్ దానిని 60కి పెంచాడు. సైన్యం వారు బండి బరువు 2,160 పౌనులు మించరాదని నిబంధన పెట్టినప్పుడు, తేలిక ఇంజను పెట్టుకొమ్మని సలహా వచ్చినా, ఆయన ఇంజనును వదలలేదు. బోల్టులు పొట్టివి చేయించి, రంగు పూత పలుచన చేయించి, తక్కిన బండి నుండి బరువు తీశాడు. బండి కోసం ఇంజనును మార్చక, ఇంజను కోసం బండిని సవరించిన కథ ఇది.

మార్చుటయా, ఉద్ధరించుటయా?

పథకంలో మొదటి ప్రశ్న ఇదే. 1973 నాటి చమురు సంక్షోభం తరువాత పెట్రోలు ఖరీదై, మన దేశంలో ఎన్నో జీపుల నుండి అసలు ఇంజను తీసివేసి డీజిలు ఇంజను పెట్టారు. బండి నడిస్తేనే పొయ్యి వెలిగే ఇంట అది తప్పని ఎవరూ అనజాలరు. అయితే ప్రాచీన వాహనంగా నిలుపుకోదలచిన బండి విషయం వేరు.

2021 జూలైలో కేంద్ర ప్రభుత్వం ప్రాచీన వాహనాలకు ప్రత్యేకమైన నియమాలు ప్రకటించింది. మొదటి రిజిస్ట్రేషను జరిగి 50 ఏండ్లు దాటి, ఛాసిస్, బాడీ, ఇంజను గణనీయంగా మారకుండా పూర్వరూపంలోనే ఉన్న ద్విచక్ర, చతుశ్చక్ర వాహనాలను ఇందులో చేర్చారు. అట్టి బండి నెంబరులో 'వి.ఏ.' అన్న అక్షరాలు వస్తాయి. కొత్తగా నమోదుకు రుసుము 20,000 రూపాయలు. పదేండ్లకు చేసే పునర్నమోదుకు 5,000 రూపాయలు. ప్రదర్శనకు, ప్రాచీన వాహనాల యాత్రకు, మరమ్మతుకు, ఇంధనం పోయించుకొనడానికి రోడ్డెక్కవచ్చు; నిత్యవ్యవహారానికి, కిరాయికి వాడరాదు. అంటే ఇంజను గదిలో మనం చేసే నిర్ణయం బండి జాతినే నిర్ణయిస్తుంది. అసలు ఇంజనును ఉద్ధరిస్తే అది ప్రాచీన వాహనం. దానిని తీసి మరొకటి పెడితే, ఎంత మెరిసినా, అది పాత రేకులు తొడుక్కొన్న వేరొక బండి.

మన పెద్దలు దేవాలయాల విషయంలో ఈ తేడాను ఏనాడో గుర్తించారు. శిథిలమైన గుడిని బాగుచేయడానికి జీర్ణోద్ధరణ అని పేరు పెట్టారు. జీర్ణమైనదానిని ఉద్ధరించవలెనే గాని పారవేయకూడదన్న భావం ఆ పేరులోనే ఉన్నది. మరొక విశేషం: గర్భగుడి మీద చేయి వేయకముందే స్వామికి బాలాలయం సిద్ధం చేస్తారు. యాదాద్రిలో 2016లో అట్లే బాలాలయం ఏర్పరచి, 2022 మార్చి 28న స్వామిని తిరిగి ప్రధానాలయంలోకి వేంచేపు చేశారు. ముందు బాలాలయం, తరువాత గునపం. యంత్రం విప్పేవారికి ఇంతకంటె మంచి సూత్రం లేదు.

చలికాలమే ఎందుకు?

మంచు కురిసే దేశాలలో చలికాలంలో బండ్లు రోడ్డెక్కవు కనుక అప్పుడు ఇంజను విప్పుతారు. మనకు మంచు లేదు. మన కారణం వేరు. కొత్తగా కోసిన ఇనుము తేమకు రాత్రికి రాత్రే ఎర్రబారుతుంది. శ్రావణ భాద్రపదాలలో బోరు తీయించిన బ్లాకును నూనె పూయకుండా వదిలితే పిస్టన్ చేరకముందే తుప్పు చేరుతుంది. వైశాఖ జ్యేష్ఠాలలో రేకుల షెడ్డు క్రింద చెమట చుక్కలు బేరింగుల మీద పడతాయి. పైగా గాలి దుమ్ము. కార్తీకం నుండి మాఘం దాకా సికిందరాబాదులో గాలి పొడిగా ఉంటుంది, చేయి తడబడదు, ఓపిక నిలుస్తుంది. దసరాకు ఆయుధపూజ చేసిన పనిముట్లు పెట్టె బయటనే ఉంటాయి. శివరాత్రికి చలి శివశివా అని పోతుందంటారు గదా, ఆ శివరాత్రినే గడువుగా పెట్టుకొనవచ్చు.

ఆ లెక్కన నెలలను పంచుకొందాం. కార్తీకంలో పరీక్షలు, పద్దు. మార్గశిరంలో విప్పడం, కొలవడం. పుష్యంలో లేత్ పని. అందులో సంక్రాంతి వస్తుంది, పనివారు ఊళ్ళకు పోతారు, కనుక ఆ నెలలో ఒక వారం లేదనుకొనే లెక్క వేయవలెను. మాఘంలో కూర్పు. ఫాల్గుణంలో నెమ్మదిగా నడిపి సరిచూచుకొనడం. ఉగాదికి బండి మనది.

విప్పకముందు వినవలెను

వైద్యుడు నాడి చూడకుండా కత్తి పట్టడు. ఇంజను నడిచే స్థితిలో ఉంటే, దానిని విప్పకముందే దానిచేత చెప్పించుకొనవలసిన సంగతులు ఎన్నో ఉన్నాయి. ఇంజను వేడెక్కిన తరువాత నూనె ఒత్తిడి ఎంత? ఏ వేగంలో ఏ శబ్దం? పొగ నల్లనిదా, తెల్లనిదా, నీలిదా? నీలిపొగ అయితే నూనె మండుతున్నది. రెండవ గేరులో ఉండగా కాలు తీసినంతనే గేరు జారి బయటపడుతున్నదా? ఈ సమాధానాలన్నీ ఒక నోటుపుస్తకంలో తేదీతో సహా వ్రాయవలెను. విప్పిన తరువాత ఈ ప్రశ్నలు అడగడానికి యంత్రం ఉండదు, భాగాలు మాత్రమే ఉంటాయి.

విద్యార్థులు తప్పక చూడదగిన పరీక్ష కంప్రెషన్ పరీక్ష. స్పార్క్ ప్లగ్గులన్నీ తీసి, ఒక్కొక్క రంధ్రంలో గేజి బిగించి, ఇంజనును తిప్పి, ఒత్తిడి ఎంత వచ్చిందో వ్రాసుకొంటారు. నాలుగు అంకెలూ దగ్గరగా ఉంటే మంచిదే. ఒకటి బాగా తగ్గితే, ఆ సిలిండరులో ఒక చెంచాడు ఇంజను నూనె పోసి మళ్ళీ కొలుస్తారు. ఇప్పుడు అంకె పెరిగితే పిస్టన్ రింగుల ప్రక్క నుండి ఒత్తిడి జారుతున్నదని, పెరగకపోతే వాల్వు సరిగా మూసుకొనడం లేదని అర్థం. నూనె రింగుల సందును తాత్కాలికంగా మూస్తుంది గాని వాల్వు సందును మూయలేదు. ఒక చెంచాడు నూనెతో రెండు అనుమానాలను విడదీసిన ఈ ఉపాయం తర్కశాస్త్రానికే పాఠం.

ప్రతి తునకకూ ఒక బాలాలయం

జీపులో గేరుబాక్సు, నాలుగు చక్రాలకూ శక్తి పంచే ట్రాన్స్‌ఫర్ కేసు ఒకదానికొకటి బిగించి ఉంటాయి. ఆ రెండింటినీ కలిపి క్రిందికి దింపుతారు. రేడియేటరు తీసి ఇంజనును పైకి ఎత్తుతారు. ఎత్తకముందే స్థలం, బల్లలు, డబ్బాలు, చీటీలు సిద్ధంగా ఉండవలెను. పనిముట్ల విషయంలో ఒక హెచ్చరిక: ఈ బండి నట్లు అంగుళపు కొలతవి. మిల్లీమీటరు స్పానరు దగ్గరగా పట్టినట్లే పట్టి, నట్టు మూలలను గుండ్రం చేసి వదులుతుంది.

వాల్వులు ఎనిమిది. చూపునకు ఒకే తీరు, అయినా ఒక్కొక్కటి తన పీఠానికి రాసుకొని అలవాటు పడినది. ఒక చెక్కకు ఎనిమిది బెజ్జాలు వేసి, వరుస సంఖ్యలు వ్రాసి, వాటిలో నిలబెట్టవలెను. క్రాంక్‌షాఫ్టును పట్టి ఉంచే మూడు ప్రధాన బేరింగుల మూతలు, కనెక్టింగు రాడ్ల మూతలు మరీ ముఖ్యం. మూతను బిగించిన తరువాతనే ఆ రంధ్రాన్ని గుండ్రంగా కోస్తారు కనుక, ఒకదాని మూత మరొకదానికి పనికిరాదు. తారుమారైతే రంధ్రం గుండ్రం తప్పుతుంది. బేరింగు ఎక్కువ కాలం నిలువదు. ఏ మూత ఏ రాడ్డుది, ఏ ముఖం ఎటు వైపు అన్నది గుర్తు పెట్టకుండా ఒక్క బోల్టు కూడా విప్పకూడదు.

కొలత, ఆ తరువాతనే ఖర్చు

విప్పి కడిగిన తరువాత మొట్టమొదట చూడవలసినది బ్లాకులో పగుళ్ళు. సిలిండరుకు, పొగ వాల్వు పీఠానికి మధ్యనున్న సన్నని గోడ వేడికి చిట్లవచ్చు. నీటి దారులు మూసి ఒత్తిడి పరీక్ష చేయించవలెను. పిస్టన్లు, రింగులు, బేరింగులు కొన్న తరువాత బ్లాకు పగిలిందని తెలిస్తే ఆ కొనుగోళ్ళన్నీ వృథా. ఏ పరీక్ష మన నిర్ణయాన్ని పూర్తిగా తలక్రిందులు చేయగలదో, దానినే ముందు చేయించవలెను. ఇది ఇంజనుకే కాదు, ఇల్లు కట్టేవారికీ వర్తించే నియమం.

తరువాత సిలిండరు కొలత. అంగుళంలో వెయ్యోవంతును మెకానిక్కులు 'థౌ' అంటారు. సిలిండరు పైభాగంలో ఎక్కువగా, క్రిందిభాగంలో తక్కువగా అరుగుతుంది. ఈ తేడా 5 థౌలు మించితే బోరు తీయించవలసినదే. ఆ పని 10, 20, 30 థౌలు అనే మెట్లలో జరుగుతుంది. ఎంత తక్కువ మెట్టుతో అరుగుదల పోతుందో అంతే తీయించవలెను. గోడలోని ఇనుము మళ్ళీ మొలవదు. ముందుగా పిస్టన్లు చేతికి వచ్చిన తరువాతనే బ్లాకును బోరింగుకు పంపవలెను. పిస్టన్ కొలతను బట్టి బోరు గాని, బోరును బట్టి పిస్టన్ కాదు. రాణీగంజు దుకాణాలలో పిస్టన్లు అడిగేటప్పుడు బండి పేరు మాత్రమే చెప్పక కొలత చూపి అడగడం మేలు. సరిపోయిందని తెలుసుకొనే పద్ధతి కూడా ముచ్చటైనది: 3 థౌల మందమున్న ఉక్కు పట్టీని పిస్టన్‌కు గోడకు మధ్య పెట్టి, తూనిక స్ప్రింగుతో లాగుతారు. 5 నుండి 10 పౌనుల బలానికి పట్టీ బయటికి వస్తే పిస్టన్ తగినంత బిగువుగా ఉన్నట్లు.

లెక్కల ఉపాధ్యాయులకు ఇక్కడ ఒక ప్రశ్న దొరుకుతుంది. వ్యాసం 3.125, దూరం 4.375 అంగుళాలుగా ఉన్న నాలుగు స్తూపాల ఘనపరిమాణం ఎంత? 134.2 ఘనపుటంగుళాలు, అంటే సుమారు 2,199 ఘన సెంటీమీటర్లు. 30 థౌలు బోరు తీస్తే వ్యాసం 3.155 అవుతుంది, ఘనపరిమాణం సుమారు 2,242. వ్యాసం నూటికి ఒకటి కూడా పెరగలేదు, పరిమాణం నూటికి దాదాపు రెండు పెరిగింది. వర్గం చేయడం అంటే ఏమిటో పిల్లవానికి ఇంతకంటె స్పష్టంగా చెప్పలేము.

గేరుబాక్సు సంగతి

బ్లాకు లేత్ పనికి పోయిన రోజులలో చేతులు ఖాళీగా ఉంటాయి. గేరుబాక్సును అప్పటికి దాచుకొనవలెను. రెండూ ఒకేసారి విప్పితే భాగాలు కలుస్తాయి. ఒకటి పోయి వచ్చేలోగా రెండవది ముగిస్తే కాలం కలిసి వస్తుంది.

గేరు నూనెను ఒక తెల్లని పళ్ళెంలోకి వంచి, అయస్కాంతం పెట్టి చూడవలెను. అయస్కాంతానికి అంటుకొన్న రజను ఉక్కు పళ్ళది. అంటకుండా పసుపుపచ్చగా తళుక్కుమనేది ఇత్తడి, కంచు భాగాలది. మొదటి గేరుకు సింక్రోమెష్ లేదు. రెండవ, మూడవ గేర్లకు ఉన్నది. ఇత్తడి రజను ఎక్కువగా ఉంటే ఆ రింగులను అనుమానించవలెను. గేరు పళ్ళ అంచులు గుండ్రబడితే, షాఫ్టు ముందువెనుకలకు ఊగితే, గేరు జారిపడడానికి కారణం దొరికినట్లే. తిరిగి పోసే నూనె విషయంలోనూ జాగ్రత్త అవసరం. నేటి 'జి.ఎల్.5' తరగతి గేరు నూనెలలో కలిపే గంధకపు సమ్మేళనాలు ఇత్తడికి హాని చేయవచ్చు కనుక పాత గేరుబాక్సులకు 'జి.ఎల్.4' తరగతిదే కోరుకొంటారు.

ఇక్కడ మరొక లెక్క. మొదటి గేరు నిష్పత్తి 2.665, ట్రాన్స్‌ఫర్ కేసులో తక్కువ వేగపు నిష్పత్తి 1.97, ఇరుసు వద్ద 4.88. మూడింటినీ గుణిస్తే 25.6 వస్తుంది. ఇంజను ఇరవై ఐదున్నర సార్లకు పైగా తిరిగితే చక్రం ఒక్కసారి తిరుగుతుంది. వేగం అంత తగ్గింది. బలం, రాపిడికి పోయినది పోగా, దాదాపు అంత పెరిగింది. వాగు దాటి, ఇసుక దాటి, సమితి జీపు పల్లె చేరిన రహస్యం ఈ గుణకారంలో ఉన్నది.

కూర్పు, కాపు

మాఘంలో కూర్పు మొదలయ్యేనాటికి నేల కడిగి, గుడ్డలు ఉతికి ఉండవలెను. బ్లాకులోని నూనె దారులను పొడుగాటి కుంచెతో తోమి గాలి కొట్టవలెను; బోరింగునాటి ఒక్క ఇసుకరేణువు మిగిలినా కొత్త బేరింగును అది గీరుతుంది. రింగులను పిస్టన్‌కు తొడగకముందే సిలిండరులో పెట్టి, కొనల మధ్య సందు కనీసం 8 థౌలు ఉన్నదో లేదో చూడవలెను. వేడికి రింగు పెరుగుతుంది. సందు లేకపోతే పట్టుకొంటుంది. వాల్వుకు, దానిని ఎత్తే ట్యాపెట్టుకు మధ్య తగినంత సందు వదలవలెను. హెడ్డు నట్లను నడుమ నుండి అంచులకు, దఫదఫాలుగా బిగించవలెను.

నేటి కాలం తెచ్చిన సమస్య ఒకటి ఉన్నది. 2025 నాటికి మన దేశపు పెట్రోలులో నూటికి 20 వంతుల ఇథనాలు కలపడం వ్యాపించింది. 1940లనాటి రబ్బరు గొట్టాలు, పెట్రోలు పంపు పొర, కార్బురేటరులోని గ్యాస్కెట్లు దీనిని తట్టుకొనేందుకు తయారైనవి కావు. వీటిని ఇథనాలును తట్టుకొనే రకాలతో మార్చడం పూర్వరూపానికి భంగం కాదు. నిప్పు నుండి రక్ష. ఏది మార్చకూడదో తెలిసినవారికే ఏది మార్చి తీరవలెనో తెలుస్తుంది.

ఇంజను పలికిన తరువాత తొందరపడరాదు. మొదటి కొన్ని వందల మైళ్ళు బరువు వేయక, వేగం మారుస్తూ, నెమ్మదిగా నడిపి, త్వరగా ఒకసారి నూనె మార్చవలెను. రింగులు, గోడలు ఒకదానికొకటి అలవాటు పడే కాలమిది.

ఖర్చును గూర్చి ఒక మాట. బండి తెరవకముందు చేసిన అంచనా అంచనాయే. కనుక చేతిలోని సొమ్మును మూడు భాగాలుగా తలచుకొనవలెను: తెలిసిన పనికి ఒకటి, కొలతలు బయటపెట్టే పనికి ఒకటి, ఎవరూ ఊహించని పనికి ఒకటి. మూడవది చేతిలో లేకపోతే ఈ ఏడు కార్తీకంలో పరీక్షలు మాత్రమే చేసి, స్పానరు క్రింద పెట్టి, మరుసటి కార్తీకం దాకా ఆగడం పరువు తక్కువ కాదు. విప్పని ఇంజను చెడిపోయినా ఇంజనే.

అన్నిటికంటె విలువైన భాగం ఏ దుకాణంలోనూ దొరకదు. చెవితో బేరింగును, వ్రేలితో అరుగుదలను పట్టగల పనివారు నానాటికీ తగ్గుతున్నారు. నేటి బండ్ల లోపాన్ని యంత్రమే తెరమీద చెబుతుంది. ఈ పాత బండి లోపాన్ని మనిషి వినవలెను. కాబట్టి పాఠశాలల వారు చలికాలంలో ఒక ఆదివారం పిల్లలను అట్టి పనిశాలకు తీసుకొని పోవడం మేలు. పెద్ద మెకానిక్కు కొలుస్తూ చెబుతూ ఉంటే ఒక విద్యార్థి ఆ అంకెలను నోటుపుస్తకంలో దింపవలెను: ఏ సిలిండరు ఎంత అరిగింది, ఎన్ని థౌలు తీశారు, ఏ మూత ఎటు వైపు. పని ముగిసిన తరువాత ఆ పుస్తకాన్ని నూనెగుడ్డలో చుట్టి, సీటు క్రింది పెట్టెలో బండితోనే ఉంచవలెను. మరి ముప్పై ఏండ్లకు ఆ ఇంజనును విప్పబోయే వ్యక్తి మనకు తెలియడు. అతడు మొదట తెరిచేది హెడ్డు కాదు, ఆ పుస్తకం.